భగవద్విషయమున భిన్నాభిప్రాయము

పెద్దలయొద్ద శాస్త్రము వినుచుండగా శ్రోతకు వేరొక అర్థము తోచినచో అతడేమి చేయవలెను? దానిని మనసులోనే అణచుకొని తలయూచుట వినయమా? చేతులు జోడించి, తోచినదానిని విన్నవించుట వినయమా? దీనికంటె కఠినమైన ప్రశ్న మరియొకటి కలదు. తప్పని నిశ్చయముగా నమ్మిన సిద్ధాంతమును బోధించువానితో ఒకే వేదికపై కూర్చుండి భగవద్విషయమును చర్చింపవచ్చునా? అట్లు కూర్చుండుటయే ఆ సిద్ధాంతమునకు ఒక మర్యాద చేసినట్లు లోకము భావింపదా? ఈ ప్రశ్నలు ఏ ఒక్క మతమునకు చెందినవి కావు. ఇంగ్లండు దేశమున యూదులు ఏటేట డిసెంబరు మాసాంతమున జరుపుకొను ఒక విద్యాగోష్ఠి చుట్టును ఇవి బహిరంగముగానే లేచినవి. ఆ కథ మన గోష్ఠులకును తెలిసియుండదగినది.

యూదులు మనకు బొత్తిగా తెలియనివారు కారు. కొచ్చిలో 1568లో కట్టిన వారి ప్రార్థనామందిరమును యాత్రికులు నేటికిని చూచి వచ్చుచున్నారు. మన గుంటూరు జిల్లాలోనే, చేబ్రోలు దాపున కొత్తరెడ్డిపాలెమున, తాము ఎఫ్రాయిము వంశీయులమని చెప్పుకొను ఒక చిన్న తెలుగు సమాజము హీబ్రూ ప్రార్థనలు నేర్చి శనివారమున విశ్రాంతిదినము పాటించుచున్నది. కాని వారి చదువు తీరు మాత్రము మనలో అనేకులకు తెలియదు. వేదము తరువాత మనకు స్మృతులును వ్యాఖ్యానములును ఎట్లో, వారి మూలగ్రంథమైన తోరాకు తాల్ముదు అట్లు. అది తీర్పుల పట్టిక కాదు, వాదముల కొలువు. ఒక పండితుడిట్లనెను, మరియొకడు కాదనెను, మూడవవాడు ఇద్దరిని ప్రశ్నించెను అని పుట వెంబడి పుట సాగును. ఓడిపోయిన పక్షమును కొట్టివేయరు. దానిని పలికినవాని పేరుతో సహా నిలుపుదురు. పదునైదు శతాబ్దముల పిమ్మట ఒక బాలుడు ఆ పుట తెరచినను, గెలిచినవానితోపాటు ఓడినవాని మాటయు అతని చెవిని పడును.

ఆ విద్యాగోష్ఠి పేరు లిమ్ముద్. హీబ్రూభాషలో ఆ మాటకు అధ్యయనమని అర్థము. నేర్చుకొనుట, నేర్పుట, శిష్యుడు, తాల్ముదు అను మాటలన్నియు ఆ భాషలో ఒకే ధాతువునుండి పుట్టినవి. అమెరికాలో యూదు ఉపాధ్యాయులు జరుపుకొనుచుండిన ఒక మహాసభను చూచి వచ్చిన నలుగురు యువకులు అట్టిది తమ దేశమునను ఉండవలెనని 1980లో దీనిని ఆరంభించిరి. తొలియేట నూరుమందికి లోపుగానే కూడిరి. ఉపాధ్యాయుల కొరకై పుట్టినది క్రమముగా గృహస్థులది, వృద్ధులది, పసిపిల్లలది అయినది. ఈ శతాబ్దారంభమునకు రెండువేలమందికి మించి వచ్చుచుండిరి. చాలకాలము విశ్వవిద్యాలయ ప్రాంగణములలో జరిగెను. వార్విక్ విశ్వవిద్యాలయమున జరిగినవి పేరు పొందినవి. 2015 నుండి అది బర్మింగ్‌హామ్‌కు చేరినది. ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, అమెరికా, రష్యా మొదలైన దేశములలో దీని శాఖలు మొలచినవి.

కాలనిర్ణయమునందు కొంత లౌక్యమున్నది. అది క్రిస్మసు వారము. ఇంగ్లండులో ఆ దినమున రైళ్లు సైతము నడువవు, విద్యార్థులు ఇండ్లకు పోయియుందురు, ప్రాంగణములు ఖాళీగా ఉండును. ఊరివారందరు తమ పండుగలో ఉండగా, ఆ పండుగ లేనివారు మూటముల్లె కట్టుకొని, పిల్లలను వెంటబెట్టుకొని చదువుకొనుటకు పోవుదురు. మధ్యాహ్నము నాలుగు గంటలకే చీకటి పడు శీతకాలమది. లోపల మాత్రము ఉదయమునుండి అర్ధరాత్రి వరకు పాఠములు. ఒకే గంటలో ఒకచోట తోరా వ్యాఖ్యానము, పక్కగదిలో సంగీతము, ఆపైన చరిత్ర, మరియొకచోట నేటి రాజకీయము. ఏది వినవలెనో శ్రోతయే ఎంచుకొనును. నచ్చనిచో మధ్యలో లేచి వేరొక గదికి పోవచ్చును. ఇది మన పురాణకాలక్షేపమునకు అలవాటుపడినవారికి కొంత ఎబ్బెట్టుగా తోచును.

ఆ గోష్ఠి కట్టుబాట్లలో రెండు ప్రత్యేకముగా చెప్పదగినవి. అక్కడ ప్రతివారును మెడలో పేరు వ్రాసిన చీటి ధరింతురు. దానిపై పేరు తప్ప బిరుదములుండవు. రబ్బీ యని గాని, ఆచార్యుడని గాని, ప్రభువని గాని వ్రాయరు. ఉదయము వందలమంది యెదుట ఉపన్యసించిన మహాపండితుడు మధ్యాహ్నము ఒక యువతి చెప్పు పాఠమును వెనుక వరుసలో కూర్చుండి వినవచ్చును. అతడెవరో పక్కవానికి తెలియకపోవచ్చును. రెండవది, పాఠము చెప్పువారికి పారితోషికము లేదు. కుర్చీలు సర్దువారు, పిల్లలను చూచువారు, ఏడాది పొడవునను ఏర్పాట్లు చేయువారు అధికభాగము స్వచ్ఛందసేవకులే. మన మాటలో చెప్పవలెనన్న అది కైంకర్యము. ఆహారము మాత్రము వారి ధర్మశాస్త్రము విధించిన శుచిత్వముతో వండింతురు. అంత నియమము పాటింపనివారును దానినే భుజింతురు. నియమవంతుడు తినగలిగినది అందరును తినవచ్చును గాని, అందరు తినునది నియమవంతుడు తినలేడు గదా! ప్రార్థనల యెడ మాత్రము ఈ ఉపాయము చెల్లలేదు. స్త్రీపురుషులు వేరుగా కూర్చుండవలెనను వారికి ఒకచోట, కలిసి కూర్చుండువారికి ఒకచోట వేర్వేరుగానే జరుపుకొందురు.

బిరుదములను వాకిట విడిచి లోనికి పోవుట శ్రీవైష్ణవులకు క్రొత్త కాదు. ఎంతటి విద్వాంసుడైనను ‘దాసుడు’ అని, ‘అడియేన్’ అని తన్ను చెప్పుకొనుటయే గోష్ఠిమర్యాద. తీర్థము ఎవరికి ముందు, ఎవరికి వెనుక అని కలహించు దినములందు ఆ ‘అడియేన్’ ఎక్కడకు పోవునో పెద్దలే ఆలోచింపవలెను.

ఇంతవరకు అంతయు ఇంపుగానే ఉన్నది. చిక్కు ఎచ్చట వచ్చినదనగా, ఈ గోష్ఠికి వచ్చు బోధకులు అందరును ఒకే శాఖవారు కారు. తోరా యావత్తును సీనాయి పర్వతమున మోషేకు భగవంతుడే ఉపదేశించినాడని నమ్ము సనాతనులు కలరు. అది మనుష్యుల చేతిమీదుగా కాలక్రమమున ఏర్పడినదని చెప్పు సంస్కరణవాదులును కలరు. సనాతనుని దృష్టిలో ఇది చిన్న భేదము కాదు, మూలమునకే గొడ్డలి. వేదము పౌరుషేయమని ఒకడు మన గోష్ఠిలో పీఠమెక్కి బోధించినచో ఎట్లుండునో ఊహించుకొనవచ్చును. అందుచేత బ్రిటనులోని సనాతన రబ్బీలలో అనేకులు ఈ గోష్ఠికి దూరముగానే ఉండిరి. జోనాథన్ సాక్స్ మహాశయుడు పూర్వము ఈ గోష్ఠికి పోయినవాడే. 1991లో బ్రిటను ప్రధాన రబ్బీ పదవిని స్వీకరించిన పిమ్మట 2013లో విరమించువరకు మరల అందు పాల్గొనలేదు. ఆయన సంకుచితుడని ఎవ్వరును అనజాలరు. భిన్నత్వమునకు గల గౌరవమును గూర్చి 2002లో గ్రంథము వ్రాసి, అందలి కొన్ని వాక్యములు సర్వమతములను సమము చేయుచున్నవని స్వపక్షమువారే ఆక్షేపింపగా, మరుసటి యేట వాటిని సవరించి మరల ప్రకటింపవలసి వచ్చినవాడు ఆయన. పదవిలేనివాడు పోయినచో పోయినవాడు ఒక్కడే. పదవిలోనున్నవాడు పోయినచో పదవియు వెంటపోవును. ఈ సంకటము మఠాధిపతులకు విడమరచి చెప్పనక్కరలేదు.

ఆయన తరువాత 2013 సెప్టెంబరులో ఆ పదవికి వచ్చిన ఎఫ్రాయిమ్ మిర్విస్ మహాశయుడు ఆ డిసెంబరులోనే లిమ్ముద్‌కు పోవ నిశ్చయించెను. కొందరు వృద్ధపండితులు బహిరంగముగా లేఖ వ్రాసి, అట్టి గోష్ఠిలో పాల్గొనుట వలన నిజమైన ధర్మమునకును దాని నీడకును గల భేదము జనుల కన్నులకు చెరిగిపోవునని హెచ్చరించిరి. అయినను ఆయన పోయెను, పాఠము చెప్పెను. ప్రధాన రబ్బీ పదవిలో నుండి ఆ గోష్ఠికి పోయినవారిలో ఆయనయే మొదటివాడు.

లేఖ వ్రాసినవారిని మూర్ఖులని తోసివేయుట సులభము, న్యాయము కాదు. వారి వాదములో సారమున్నది. అంగడిలో పండ్లవలె సిద్ధాంతములను వరుసగా పేర్చి, నచ్చినది ఏరుకొమ్మనినచో, ఏరుకొనువానికి రుచియే ప్రమాణమగును గాని శాస్త్రము ప్రమాణము కాదు. రోగికి మందు ఎంచుకొను స్వాతంత్ర్యమిచ్చుట దయయని ఏ వైద్యుడనును? మన సంప్రదాయమున రహస్యార్థములకు అధికారనియమము ఇందుకే ఏర్పడినది. గీతాచార్యుడు సైతము ఉపదేశమంతయు ముగించి, తపస్సు లేనివానికి, భక్తి లేనివానికి, వినగోరనివానికి దీనిని చెప్పవలదని నిషేధించెను. తిరుక్కోష్టియూర్ నంబి భగవద్రామానుజులంతటివారిని పదునెనిమిదిమార్లు శ్రీరంగమునుండి నడిపించిన పిమ్మట గాని మంత్రార్థమును అనుగ్రహింపలేదు. రామానుజులు గోపురమెక్కి ఆ అర్థమును అందరకు చాటిరను మాట అందరును చెప్పుదురు. ఆ పదునెనిమిది ప్రయాణముల మాట అంతగా చెప్పరు. ఆ నడక నడిచినవాడు గనుకనే ఆయన గోపురమెక్కుట శోభించినది.

అయినను లేఖ వ్రాసినవారి భయము ఒకచోట తడబడుచున్నది. సత్యము తమయొద్ద ఉన్నదని నమ్మినవాడు దానిని వినిపింపకుండ దూరముగా ఉన్నచో, ఆ గదులలో వినబడునది ఇతరుల గొంతుకయే గదా! ఆ రెండువేలమందిలో తోరాను ప్రేమతో చదువగోరి వచ్చినవారు, సనాతనుడైన గురువును ఒక్కసారియైనను ఎరుగనివారు ఉండరా? కూర్చుండుట వలన కలుగు అపార్థము ఒక దోషమే. కూర్చుండకపోవుట వలన కలుగు లోపము అంతకంటె తక్కువదని ఎట్లు చెప్పగలము? ఇట్టిచోట అందరికి ఒకే విధి చెల్లదు. దృఢమైన వేరు గలవాడు గాలికి నిలుచును; లేత మొక్కకు కంచె కావలెను. ఎవడెట్టివాడో తేల్చుకొనుటలోనే మనుష్యులు పొరబడుచుందురు, విశేషించి తన్ను గూర్చి తాను తేల్చుకొనుటలో.

అభిప్రాయభేదములన్నియు ఒక్క జాతివి కావని యూదుల మిష్నా గ్రంథము ఎన్నడో వింగడించినది. భగవంతుని కొరకు జరుగు వివాదము నిలుచునని, అట్లు కానిది నిలువదని దాని తాత్పర్యము. మొదటిదానికి ఉదాహరణము హిల్లేలు, షమ్మై అను ఇరువురు గురువులది. రెండవదానికి మోషేపై తిరుగుబాటు చేసిన కోరహుది. మన నైయాయికులు వాదము, జల్పము, వితండ అని విభజించినదియు ఇట్టిదే. విభూతియోగమున భగవానుడు వాదమును తన విభూతిగా చెప్పుకొనెను. మిగిలిన రెండింటిని చెప్పుకొనలేదు. హిల్లేలు, షమ్మైల శిష్యవర్గములు విధినిషేధముల యెడ ఎన్నో విషయములలో విభేదించినవి. వివాహధర్మములలో సైతము భేదించినవి, అనగా ఒకరి లెక్కలో చెల్లిన పెండ్లి మరియొకరి లెక్కలో చెల్లదు. అయినను ఒకరి యింటి పిల్లను మరియొకరు చేసికొనుట మానలేదని మిష్నా చెప్పుచున్నది. ఇరువురి మాటలును దైవవాక్కులే యని, ఆచరణకు మాత్రము హిల్లేలు పక్షము గ్రాహ్యమని ఆకాశవాణి పలికినదట. ఏల యనగా వారు సాధువులై, తమ మాటకు ముందు ఎదుటివారి మాటను చెప్పి, పిమ్మట తమది చెప్పువారట. కంచిలో దేవస్థానపు ఏనుగు నొసట ఏ తిరునామము దిద్దవలెనను వివాదమును న్యాయస్థానములదాక నడిపించిన మనవారికి ఈ కథ వినదగినది. ఏనుగు అభిప్రాయమును ఎవ్వరును అడిగినట్లు లేదు.

వాదము భగవత్కైంకర్యమైనను అందు విషము పుట్టుటకు ఒక్క మాట చాలును. తాల్ముదులోనే ఒక కథ కలదు. క్రీస్తుశకము మూడవ శతాబ్దమున తిబెరియ నగరములో రబ్బీ యోహానాన్ అను గురువుండెను. రేష్ లకీష్ అనువాడు పూర్వాశ్రమమున దారిదోపిడి చేసినవాడు. యోహానాన్ అతనిని చదువువైపు మరల్చి, విద్య నేర్పి, తన చెల్లెలినిచ్చి వివాహము చేసి, సహాధ్యాయిగా చేసికొనెను. ఇద్దరిద్దరుగా ఎదురెదురుగా కూర్చుండి తర్కించుచు చదువుట వారి పద్ధతి. లిమ్ముద్ గోష్ఠిలోను ఉదయపు చదువు కొంత అట్లే సాగును. ఒకనాడు పాఠశాలలో కత్తులు, బాకులు తయారగుచుండగా ఏ దశలో మైలకు లోనగునను ధర్మసూక్ష్మము చర్చకు వచ్చినది. కొలిమిలో కాల్చినప్పుడని యోహానాన్, నీట ముంచినప్పుడని రేష్ లకీష్. వాదము వేడెక్కినది. దొంగకు తన పనిముట్ల సంగతి బాగుగా తెలియునని గురువు నోరుజారెను. ఆ మాటకు రేష్ లకీష్ గుండె పగిలెను. ‘నీవు నాకు చేసిన మేలేమి’ అను భావముతో బదులుపలికెను. గురువునకు కోపము వచ్చెను. శిష్యుడు మంచము పట్టెను. చెల్లెలు వచ్చి, బిడ్డలను చూచియైనను క్షమింపుమని ఏడ్చినను అన్న కరగలేదు. రేష్ లకీష్ మరణించెను.

పిమ్మట యోహానాన్‌కు పుట్టిన దుఃఖమునకు మేర లేదు. ఆయనను ఓదార్చుటకు ఎలాజారు అను సూక్ష్మబుద్ధిని సహాధ్యాయిగా పంపిరి. గురువు ఏది చెప్పినను ఎలాజారు దానిని బలపరచు ప్రమాణము నొకదానిని చూపుచుండెను. యోహానాన్ సంతోషింపలేదు. తాను ఒక మాట చెప్పినచో రేష్ లకీష్ ఇరువదినాలుగు ఆక్షేపణలు చేయువాడని, తాను ఇరువదినాలుగు సమాధానములు చెప్పువాడనని, దానివలన శాస్త్రము విశాలమగుచుండెడిదని, తన మాట సరియేయని తనకు చెప్పుటకు మరియొకడు ఎందులకని విలపించెను. బట్టలు చించుకొని, రేష్ లకీష్ ఎక్కడనుచు తిరిగి, మతిచలించి మరణించెను. తాల్ముదు పండితులు తమ పెద్దలలో ఒకని ఈ పతనమును దాచిపెట్టలేదు.

మన గురుపరంపరలోను శిష్యుని అభ్యంతరము గురువునకు కోపము తెప్పించిన ఘట్టములు కలవు. తిరుమలై ఆండాన్‌యొద్ద తిరువాయ్మొళి వినుచు రామానుజులు పలుచోట్ల వేరు అర్థములు విన్నవించుచుండగా, ఇది విశ్వామిత్రసృష్టియని కోపించి ఆయన పాఠమే నిలిపివేసిరి. తిరుక్కోష్టియూర్ నంబి వచ్చి, రామానుజులు వినుట సాందీపనియొద్ద శ్రీకృష్ణుడు చదివినట్టిదని నచ్చజెప్పిన తరువాత గాని పాఠము సాగలేదు. ఈనాడు ఈడు వ్యాఖ్యానమున ఆండాన్ చెప్పిన అర్థమును, ఎంబెరుమానార్ చెప్పిన అర్థమును పక్కపక్కనే కానవచ్చును. ఓడిన పక్షమును పేరుతో నిలుపుట మనకును ఉన్నది.

రెండవ ఘట్టము శ్రీభాష్యరచన నాటిది. రామానుజులు చెప్పుచుండగా కూరత్తాళ్వాన్ వ్రాయుచుండిరి. తన మాట సమ్మతము కానిచో గంటము నిలుపవలెనని గురువే ముందుగా నియమించెను. ఒకనాడు జీవస్వరూపమును నిరూపించుచు, జ్ఞాతృత్వమే దాని లక్షణమని రామానుజులు పలికిరి. జీవుడు భగవంతునకు శేషభూతుడను మాట రాలేదు. ఆళ్వాన్ గంటము ఆగెను. గురువు మరల చెప్పెను, గంటము కదలలేదు. అయినచో నీవే భాష్యము వ్రాసికొమ్మని రామానుజులు కోపముతో లేచి, శిష్యుని కాలితో త్రోసి లోనికి పోయిరని పెద్దలు చెప్పుదురు. ఆళ్వాన్ పడినచోటనే ఉండెను. తోడి శిష్యులు, ఇప్పుడేమి చేయుదువని అడిగిరి. సొత్తును ఉంచుకొనుటయో త్రోయుటయో స్వామి ఇష్టము, సొత్తునకు చేయవలసినదేమున్నదని ఆయన బదులు చెప్పిరట.

ఆ బదులులోనే గురువు విడిచిన మాట ఉన్నది. లోపల రామానుజులు తాను పలికినదానిని మరల ఆలోచించుకొనిరి. బయటకు వచ్చి శిష్యుని లేవనెత్తి, తన పొరపాటును ఒప్పుకొని, శేషత్వమును చేర్చి లక్షణమును చెప్పిరి. కూరత్తాళ్వాన్ తాళపత్రమును సవరించుకొని, ఆగినచోటనుండి వ్రాయసాగిరి.